కెప్టెన్ సెలవు రోజు

కెప్టెన్ ఏ ఓడా నడపలేదు. ఆయన సముద్రం చూసిందే ఒకటి రెండు సార్లు, అది కూడా ఒడ్డున ప్యాంటు మడత పెట్టుకుని నిలబడి. పెద్ద రెస్టారెంట్లలో వడ్డించేవాళ్ల మీద అజమాయిషీ చేసే మనిషిని కెప్టెన్ అంటారు. ఆ హోదా వచ్చిన రోజు నుంచి ఆయన అసలు పేరు అందరూ మరిచిపోయారు. ఇంటి యజమాని కెప్టెన్ అంటాడు, మంగలి కెప్టెన్ అంటాడు, ఆఖరికి అత్తగారు కూడా అల్లుడుగారూ అనడం మానేసి కెప్టెన్ గారూ అనడం మొదలుపెట్టింది. ఆయనకి ఆ పిలుపంటే ప్రాణం. పైకి ఒప్పుకోడు గానీ, వీధిలో ఎవరైనా అలా పిలిస్తే చొక్కా కాలరు సర్దుకుంటాడు.

ఏమండీ అని పిలిచేది భార్య ఒక్కతే. ఆమెకీ ఒక మారుపేరు ఉంది. ఆస్పత్రి ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం ఆమెది. పరగడుపున వచ్చి నీరసంగా వరసలో కూర్చున్నవాళ్ల చేతికి రబ్బరు పట్టీ కట్టి, పిడికిలి బిగించమని చెప్పి, నరం దొరకబుచ్చుకుని సూది దింపుతుంది. అందుకని సూదక్క అయింది. ఆమెదీ నిలబడే పనే, ఆయనదీ నిలబడే పనే. ఇద్దరూ ఇంటికి చేరాక మొట్టమొదట చేసేది కూలబడటం. మాట్లాడుకోవడం ఆ తర్వాతి పని. చాలా రోజులు వంతు అక్కడిదాకా వచ్చేదే కాదు.

పెళ్లయిన కొత్తలో ఆయనే ఒక నియమం పెట్టాడు. వారంలో తన సెలవు రోజున ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు. "ఊరందరికీ వడ్డిస్తాను, నా పెళ్లాం మాత్రం తనే వండుకుని తనే వడ్డించుకోవాలా?" అన్నాడు. ఆ మాటకి సూదక్క పొంగిపోయింది. చెల్లెలికి ఫోను చేసి చెప్పుకుంది కూడా. వడ్డించే మనిషితో కలిసి బయట తినడమంటే ఏమిటో అప్పటికింకా ఆమెకి అనుభవం కాలేదు.

కెప్టెన్ కూర్చోలేడు. కూర్చున్నా కుర్చీ అంచు మీద కూర్చుంటాడు, రైలు వచ్చేస్తోందన్నట్టు. పక్క టేబులు మీద నీళ్లగ్లాసు ఖాళీ అయితే ఆయన గొంతు ఎండిపోతుంది. ఎవరైనా ఇటు చూడండి అన్నట్టు చెయ్యెత్తితే ఆయన మెడ దానంతటదే తిరుగుతుంది. ఒకసారి నూడుల్స్ దుకాణంలో తమ టేబులే కాక పక్కవాళ్ల టేబులు కూడా తుడిచాడు. ఇంకోచోట ఎవరో బిల్లు అని కేకేస్తే "తెస్తున్నానండీ" అని లేచి, సగం దూరం వెళ్లాక గుర్తొచ్చి, చేతులు కడుక్కోవడానికి వచ్చినట్టు నటించి వెనక్కి వచ్చాడు. అప్పట్లో సూదక్క పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వు ఎంతకాలమని వస్తుంది? ఇప్పుడు ఆమె తన ప్లేటులోకి చూస్తూ తింటుంది. ఆయన లేచి వెళ్తే, వెళ్లాడు అనుకుంటుంది.

ఆయన సెలవు రోజైన ఈ మంగళవారం మాత్రం ఆమె అలా అనుకునే స్థితిలో లేదు. ఆస్పత్రి వాళ్లు దూరంగా ఇంకో ఊళ్లో కొత్త శాఖ తెరుస్తున్నారు. అక్కడి ల్యాబుకి ఆమెనే పెద్దగా, అంటే ఇన్‌చార్జిగా, వెళ్లమన్నారు. జీతం సంగతి అటుంచితే, ఆ పనికి కుర్చీ ఉంది. ఇన్నేళ్ల తర్వాత ఉద్యోగమంతా కూర్చుని చేయవచ్చు. వెనకవైపే సిబ్బందికి ఇళ్లు కట్టారు. ఒక్కతే వస్తే చిన్నది ఇస్తారట, భర్తతో వస్తే పెద్దది. ఏ సంగతీ రేపు పొద్దున్నకల్లా పెద్ద డాక్టరుకి ఫోను చేసి చెప్పాలి. చెప్పకపోతే వరసలో తర్వాతి మనిషిని పిలుస్తారు.

ఆయనకి చెప్పలేదా అంటే చెప్పింది. మొదటిసారి ఆయన పడుకున్నాక చీకట్లో చెప్పింది. చివరిదాకా చెప్పుకుంటూ పోయి, "ఏమంటారు?" అనేసరికి గురక వినిపించింది. రెండోసారి ఆయన బూట్లు తొడుక్కుంటుంటే చెప్పింది. "ఊఁ" అని వెళ్లిపోయాడు. ఆ ఊఁ దేనికో ఆయనకే తెలియాలి. అందుకే ఈ రోజు మధ్యాహ్నం సెలవు పెట్టి, తాడో పేడో తేల్చుకోవాలని ఆయనతో బయల్దేరింది. పొద్దుటి నుంచి ఎందరి చేతులు పట్టుకుందో ఏమో, వేళ్లు ముడుచుకోవడం లేదు. కాళ్లు పీక్కుపోతున్నాయి. గొడవపడే ఓపిక కూడా లేదు. నాలుగు మాటలు చెప్పి నాలుగు మాటలు వినగలిగితే చాలనిపించింది.

బస్సు మలుపు తిరిగే చోట చిన్న కేఫ్ ఉంటే అందులోకి లాక్కెళ్లింది. ఎనిమిదో పదో టేబుళ్లు, గాజుపెట్టెలో కేకులు, గల్లా పక్కన బుస్సుమనే కాఫీ మిషను. చిన్న చోటు కదా, చూడటానికి ఆయనకేమీ ఉండదని ఆమె లెక్క. ఆ లెక్క గుమ్మం దాటకముందే తప్పింది. వడ్డించే మనిషి ఆ రోజు రాలేదు. యజమానురాలు ఒక్కతే. కాఫీ కలిపేదీ ఆవిడే, ప్లేట్లు మోసేదీ ఆవిడే, డబ్బు తీసుకునేదీ ఆవిడే. చుట్టుపక్కల ఆఫీసుల వాళ్లందరూ భోజనాలకి ఒక్కసారిగా దిగారు. ఆవిడ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

కెప్టెన్ కళ్లు వెలిగాయి. సూదక్క అది చూసి, కుర్చీ లాగి ఆయన్ని గోడవైపు తిప్పి కూర్చోబెట్టింది. ఆయన గోడకున్న అద్దంలోంచి చూడటం మొదలుపెట్టాడు.

చాలాసేపటికి యజమానురాలు వచ్చి, రెండు సూపులూ రొట్టే అని విని, అందులో సగం మరిచిపోయి, ఒక సూపు తెచ్చి పెట్టి పరుగెత్తింది.

"ఏమండీ, ఆస్పత్రి సంగతి," అంది సూదక్క.

"ఊఁ."

"నా వైపు చూడండి."

చూశాడు. "చెప్పు."

"కొత్త శాఖకి నన్ను..."

"ఆ మూల పెద్దాయన ఆమ్లెట్ అడిగాడు. వేరేవాళ్లకి పెట్టేసిందావిడ," అన్నాడు. "ఆయన అడగడానికి మొహమాటపడుతున్నాడు."

"ఆయన సంగతి ఆయన చూసుకుంటాడు. నేను చెప్పేది వినండి."

"వింటున్నాను. నువ్వు చెప్పు." ఆయన మోకాలు టేబులు కింద ఊగుతోంది. టేబులు ఊగుతోంది. సూపు ఊగుతోంది.

సూదక్క చెంచా కింద పెట్టింది. నరం దొరకని చేతిని పట్టుకున్నప్పుడు కూడా ఆమెకి ఇంత విసుగు రాదు. "వెళ్లండి," అంది. "వెళ్లి ఆయన ఆమ్లెట్ ఆయనకి ఇప్పించి రండి. కొంప మునిగేదేమీ లేదు."

ఆ మాట ఏ అర్థంతో అన్నదీ ఏ మొగుడికైనా తెలుస్తుంది. కెప్టెన్ మాత్రం పలుపు తెంచుకున్న దూడలా లేచాడు. యజమానురాలి దగ్గరికి వెళ్లి చెవిలో ఏదో చెప్పాడు. ఆవిడ ఆయన్ని పైనుంచి కిందికి చూసి, ఏ హోటలని అడిగింది. ఆయన పేరు చెప్పాడు. ఆవిడ ఇంకేం అడగకుండా కొక్కేనికి వేలాడుతున్న ఏప్రను తీసి చేతికిచ్చింది.

అక్కడి నుంచి ఆ కేఫ్ రూపం మారిపోయింది. ఆమ్లెట్ పెద్దాయన దగ్గరికి చేరింది. ఖాళీ ప్లేట్లు మాయమయ్యాయి. ఇద్దరు ఆఫీసు ఆడవాళ్లు ఎడమొహం పెడమొహంగా కూర్చుంటే వాళ్లని కూడా ఏదో అని నవ్వించాడు. ఆర్డరు రాసుకోవడానికి కెప్టెన్ కాగితం ముట్టుకోడు. టేబులు పక్కన కొద్దిగా వంగి, ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తూ, ఈ లోకంలో వీళ్ల ఆకలి తప్ప ఇంకో సంగతే లేదన్నట్టు వింటాడు. విన్నదంతా పొల్లుపోకుండా తిరిగి అప్పజెబుతాడు. ఉల్లిపాయ వద్దన్నారు, కాఫీ చివర్లో అన్నారు, రొట్టె అంచులు తీసేయమన్నారు, అంతేనా అండీ అని అడుగుతాడు. తప్పు పోయిందని అనిపించుకున్న పాపాన పోలేదు.

సూదక్క చల్లారిపోతున్న సూపు ముందు కూర్చుని ఆ వంగిన వీపు చూస్తోంది. ఆ వినడం చూసే ఆమె ఆయన్ని చేసుకుంది. కొత్తగా పనిలో చేరిన రోజుల్లో ఒంటరిగా వెళ్లి భోజనం చేసేది ఆయన పనిచేసే చోట. ఇంట్లో నలుగురు అక్కచెల్లెళ్ల మధ్య ఆమె మాట ఎవరి చెవికీ ఎక్కేది కాదు. ఉప్పు తక్కువ వేయమని ఆమె అన్న మాటని ఒక మనిషి అంత శ్రద్ధగా విని, మర్నాడు అడగకుండానే గుర్తుపెట్టుకుంటే, ఇక అంతకన్నా మంచి మొగుడు దొరకడనుకుంది. డ్యూటీ అయిపోయాక ఆ చెవి కూడా ఏప్రనుతో పాటు కొక్కేనికే వేలాడుతుందని ఎవరు ఊహిస్తారు?

ఇప్పుడు ఆ రొట్టె అంచుల మనిషిని చూస్తే ఆమెకి అసూయ కలిగింది. సిగ్గుచేటు అనుకుంది గానీ కలిగింది. పాపం అలసిపోతాడు, ఇంటికొచ్చేసరికి ఏమీ మిగలడు అని ఇన్నేళ్లూ తనకి తనే సర్దిచెప్పుకుంది. తనకీ అలసట అంటే తెలుసు కాబట్టి ఆ సర్దుబాటు సులువుగానే జరిగిపోయింది.

కెప్టెన్ అద్దం పక్క టేబులు చూసుకుని, తలుపు పక్క టేబులు చూసుకుని, వరసలో ఆమె టేబులు దగ్గరికి వచ్చాడు. కొద్దిగా వంగి ఆమె కళ్లలోకి చూశాడు.

"చెప్పండి మేడమ్," అన్నాడు.

వేళాకోళమనుకుని ఆమె తలెత్తింది. కాదు. ఆ మొహంలో నవ్వు లేదు. పని ఊపులో నోరు దానంతటది అనేసింది, ఇంకా ఆయనకి తెలియలేదు. ఆ క్షణంలో సూదక్క పకపకా నవ్వి ఉంటే అది చుట్టాలందరికీ చెప్పుకోదగ్గ ముచ్చట అయ్యేది. ఆమె నవ్వలేదు. ఆ మొహం ఎన్నో ఏళ్లకి తన వైపు తిరిగింది. అది మళ్లీ మూసుకుపోయే లోపల చెప్పెయ్యాలనుకుంది.

"మా ఆస్పత్రి వాళ్లు కొత్త ఊళ్లో ల్యాబు పెడుతున్నారు," అంది నెమ్మదిగా. "దానికి నన్ను పెద్దగా రమ్మంటున్నారు. నిలబడే పని ఉండదు, కుర్చీలో కూర్చునే పని. వెనకే ఇల్లు ఇస్తారు. ఒక్కదాన్నే వెళ్తే చిన్నది, ఇద్దరం వెళ్తే పెద్దది. రేపు పొద్దున్నకల్లా చెప్పాలి. నాకు వెళ్లాలని ఉంది. మీరు వస్తారా అని అడుగుతున్నాను."

ఆయన ఒక్కో మాటకీ చిన్నగా తల ఊపాడు. అలవాటు ప్రకారం అప్పజెప్పడం మొదలుపెట్టాడు.

"కొత్త ఊళ్లో ల్యాబు. మీరే పెద్ద. నిలబడే పని లేదు, కుర్చీ. వెనకే ఇల్లు, వంటింట్లోకి పొద్దుటి ఎండ వస్తుంది. ఒకరైతే చిన్నది, ఇద్దరైతే..."

అక్కడ ఆగాడు. కెప్టెన్ ఎటో వెళ్లిపోయాడు. ఏప్రను కట్టుకున్న మొగుడు ఒకడు టేబులు పక్కన మిగిలాడు.

సూదక్క ఆయన్నే చూస్తోంది. "వంటింట్లోకి ఎండ వస్తుందని నేనిప్పుడు అనలేదు," అంది.

ఆయన టేబులు మీది చెంచా సర్ది పెట్టాడు.

"ఆ రాత్రి అన్నాను. మీరు గురక పెట్టారు."

"పెట్టాను."

"నిద్రపోయి పెట్టారా?"

కాఫీ మిషను బుస్సుమంది. ఆయన ఆ చప్పుడు ఆగేదాకా చూసి, "లేదు," అన్నాడు.

ఆమెకి ముందు ఏమీ అనిపించలేదు. తర్వాత మెల్లగా ఒళ్లు మండింది. చీకట్లో ఎండ గురించి ఎంత ఆశగా చెప్పిందో గుర్తొచ్చింది. ఇప్పుడున్న ఇంట్లో పగలు కూడా లైటు వేసుకుని వండుకోవాలి. అక్కడైతే పొద్దున్నే కిటికీలోంచి ఎండ పడుతుందట, ఫోటోలో చూసిందట. అది వింటూ పక్కన పడుకున్న మనిషి లెక్కగా ఊపిరి పీల్చి గురక తయారుచేశాడన్నమాట.

"మరి బూట్లేసుకుంటున్నప్పుడు?"

"అదీ విన్నాను," అన్నాడు. "నేను అన్నీ వింటానే. పది టేబుళ్ల మాటలు ఒక్కసారి వింటాను. నా పెళ్లాం మాట వినపడదా?"

"వినపడితే నోటితో చెప్పడానికేం?"

"ఏం చెప్పను? రావాలని లేదని చెబితే నువ్వు ఆగిపోతావు. వస్తానని చెబితే అది అబద్ధం. అక్కడ నన్ను ఎవరు కెప్టెన్ అంటారు? ఈ వయసులో మళ్లీ ప్లేట్లు ఎత్తడం నుంచి మొదలుపెట్టాలి. నా కన్నా చిన్నవాడెవడో ఒరేయ్ అంటాడు. నావల్ల కాదు." ఏప్రను అంచు వేలికి చుట్టుకుంటూ, "గడువు దాటిపోతుందిలే అనుకున్నాను," అన్నాడు. "దాటిపోతే ఇక ఎవరి తప్పూ ఉండదు."

"నా తప్పు ఉండేది," అంది సూదక్క. "నేను సరిగ్గా అడగలేదనుకునేదాన్ని. ఇంకోసారి చెప్పాల్సింది, ఆయన తీరికగా ఉన్నప్పుడు చెప్పాల్సింది అనుకుంటూ బతికేదాన్ని."

ఆయన వేలికి చుట్టుకున్న ఏప్రను అంచు విప్పాడు.

"ఇదొక్కటేనా? ఇంతకుముందు కూడా ఇలాగే చేశారా?"

"కొన్నిటికి," అన్నాడు. తర్వాత, "చాలా వాటికి," అన్నాడు. "జవాబు చెప్పకపోతే వాటంతటవే సర్దుకుపోతాయి కదా."

నిజమే, అన్నీ సర్దుకుపోయాయి. సర్దుకున్నది ఎవరో ఆయనకి తెలియకపోవచ్చు. చెల్లెలి పెళ్లికి ముందుగా వెళ్దామన్నది, డాక్టరుకి చూపించుకుందాం పిల్లల గురించి అన్నది, ఆ చీకటి ఇల్లు మారుద్దామన్నది. అలసిపోయాడులే అని ఆమె ఒక్కొక్కటే మడిచి లోపల పెట్టేసింది. ఆ అలసటని ఆమె గౌరవించింది.

"బాబూ, కిటికీ దగ్గర," అని గల్లా దగ్గర్నుంచి యజమానురాలు పిలిచింది. కెప్టెన్ కదల్లేదు. ఆ రోజుకి అదొక వింత. ఇంకో రోజైతే సూదక్క దాన్ని చూసి కరిగిపోయేదేమో.

ఆమె సంచిలోంచి ఫోను తీసింది. రేపటి దాకా ఆగవచ్చు గానీ, ఇంటికి వెళ్తే స్నానం, బట్టలు, రేపటి కూర, అలసట. ఆ అలసటలో మళ్లీ అన్నీ సర్దుకుపోతాయి. ఆమెకి తన సంగతి తెలుసు. అక్కడే, చల్లారిన సూపు ముందు, పెద్ద డాక్టరుకి ఫోను కలిపింది.

"వెళ్తాను సార్," అంది. "లేదు సార్, బాగా ఆలోచించుకునే చెబుతున్నాను."

చిన్న కేఫ్. ఫోనులో డాక్టరు గొంతు బయటికే వినిపిస్తోంది. చాలా సంతోషమమ్మా అన్నాడు. వచ్చే నెల మొదట్లో చేరాలన్నాడు. "ఇల్లు ఏది రాయమంటావు, చిన్నదా పెద్దదా?" అన్నాడు.

సూదక్క తలెత్తి భర్త వైపు చూసింది. ఆ ప్రశ్న ఆయనకీ వినిపించింది. వినపడలేదని చెప్పడానికి ఇక వీల్లేదు. చెయ్యి చాపితే అందేంత దగ్గరగా, రొట్టె అంచుల గురించి విన్నంత శ్రద్ధగా వింటూ నిలబడ్డాడు. ఆయన పెదాలు కదిలే అవకాశం ఇద్దామని ఆమె ఆగింది. అవతల డాక్టరు, "వినిపిస్తోందా అమ్మా?" అన్నాడు. ఆమె ఇంకా ఆగింది. ఆయన పెదాలు కదల్లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, అంతే.

"చిన్నది చాలు సార్," అంది సూదక్క.

ఫోను పెట్టేశాక ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు. వచ్చినా ఏడ్చే ఓపిక లేదు. ఆయన ఏదో అనబోయి, చెయ్యి చాపి సూపు గిన్నె అంచు తాకి చూశాడు.

"చల్లారిపోయింది," అన్నాడు. "వేడి చేయించుకొస్తాను."

"ముందు కిటికీ దగ్గరవాళ్లని చూడండి. పిలిచి చాలాసేపయింది."

ఆయన వెళ్లాడు. కిటికీ దగ్గర వంగాడు, విన్నాడు, తల ఊపాడు. లోపలికి వెళ్లి ఆమె సూపు వేడి చేయించి, మరిచిపోయిన రొట్టె కూడా పెట్టుకుని తెచ్చి ఇచ్చాడు. ఉప్పు తక్కువ వేయించానన్నాడు. ఎదుటి కుర్చీలో కూర్చోవాలా వద్దా అన్నట్టు కాసేపు నిలబడి, ఎవరో పిలిస్తే అటు వెళ్లాడు. సూపు పొగలు కక్కుతోంది. సూదక్కకి పొద్దుటి నుంచీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. రొట్టె తుంచి ముంచుకుని, ఎవరి కోసమూ ఎదురుచూడకుండా మొత్తం తినేసింది.